వాన నీళ్ల ట్యాంకు కింద ఏం వేయాలి? బెంగళూరు ఇళ్లకు బేస్ ఎంపిక

బెంగళూరులో సొంతిల్లు కట్టుకున్న మనవాళ్లు వాన నీళ్ల ట్యాంకు పెట్టించాలి అనుకోగానే ఎన్ని లీటర్లది, ఏ కంపెనీది, ఏ ఫిల్టర్ అని వాకబు చేస్తారు. ట్యాంకు కింద ఏం వేయాలన్న ప్రశ్న మాత్రం అది ఆటోలో వచ్చి గేటు ముందు దిగాకే వస్తుంది. అప్పటికి సలహా చెప్పేది మేస్త్రి ఒక్కడే. "కాస్త మందంగా కాంక్రీట్ వేసేద్దాం సార్, ఏం కాదు" అంటాడు. ఆ మాటతో నాకు పేచీ ఉంది. ట్యాంకు ఒరిగిందన్నా, అడుగున చీలిందన్నా, పైపు జాయింట్ ఊడిందన్నా చాలాసార్లు తప్పు కాంక్రీట్ మందంలో ఉండదు. కాంక్రీట్ కింద ఉన్న మట్టిలో ఉంటుంది. అందుకే కంకర పరుపు, రాతి బండలు, సాదా కాంక్రీట్, ఆర్‌సీసీ (లోపల ఇనుప కడ్డీలు వేసిన కాంక్రీట్), ఇనుప స్టాండ్‌లలో ఏది మంచిదని అడిగితే, ముందు మీ ఇంటి పక్క మట్టి ఎలాంటిదో చూడండి అంటాను.

ఈ నగరంలో వాన నీళ్లు పట్టుకోవడం ఇష్టం ఉంటే చేసే పని కాదు, చట్టం ఉంది. 2009లో బెంగళూరు జల మండలి (బీడబ్ల్యూఎస్‌ఎస్‌బీ) చట్టాన్ని సవరించి 30×40 అడుగుల సైటు, అంతకంటే పెద్ద సైట్లలో కట్టే కొత్త ఇళ్లకు, 40×60, ఆపైన ఉన్న పాత ఇళ్లకు దీన్ని తప్పనిసరి చేశారు. 2024 వేసవిలో ట్యాంకర్ కోసం పడిన తిప్పలు గుర్తున్నవాళ్లకు చట్టం సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. 1,000 చదరపు అడుగుల డాబా మీద 30 మిల్లీమీటర్ల వాన పడితే, నష్టాలు పోను 2,300 లీటర్ల దాకా చేతికొస్తాయి. రెండు గట్టి వానలకు 5,000 లీటర్ల ట్యాంకు దాదాపు నిండుతుంది. అంటే 5 టన్నుల బరువు ఒక్క వారంలోనే వచ్చి కూర్చోవచ్చు. నీళ్లు వాడుకుంటే ఖాళీ అవుతుంది, మళ్లీ వానకు నిండుతుంది. బేస్ భరించాల్సింది ఈ ఎక్కడం, దిగడం.

5 టన్నులు అనగానే చాలామందికి టెన్షన్. ఒకసారి లెక్క వేద్దాం. 5,000 లీటర్ల సింటెక్స్ తరహా ట్యాంకు అడుగు వెడల్పు సుమారు 6 అడుగులు ఉంటుంది. అంటే 2.5 చదరపు మీటర్లు. నిండా నీళ్లుంటే చదరపు మీటరుకు పడేది 2 టన్నులు. 70 కిలోల మనిషి రెండు పాదాల మీద నిలబడితే నేల మీద పడే ఒత్తిడి కూడా దాదాపు ఇంతే. ట్యాంకు అడుగు మొత్తం నేలకు సమంగా ఆనితే, గట్టి ఎర్రమట్టికి ఇది అసలు బరువే కాదు. కష్టం రెండు చోట్ల వస్తుంది. ఒకటి, బరువు అడుగంతా పరుచుకోకుండా నాలుగు కాళ్ల మీదకో రెండు ఇటుకల మీదకో చేరినప్పుడు. రెండోది, ట్యాంకు కింద సగం నేల గట్టిగా, సగం మెత్తగా ఉన్నప్పుడు. నేలంతా సమంగా అరంగుళం దిగితే ట్యాంకుకు ఏమీ కాదు. ఒక పక్కే దిగితే మాత్రం నీళ్లన్నీ అటు మొగ్గుతాయి, బరువు కూడా అటే చేరుతుంది, ఆ పక్క ఇంకా దిగుతుంది.

ముందు మట్టి

బెంగళూరు నేల చాలావరకు ఎర్రమట్టి, దాని కింద మొరం. ఇళ్లు కట్టడానికి మంచి నేల. అయితే ఊరంతా ఇలాగే ఉందనుకోవద్దు. మెజెస్టిక్ బస్టాండ్ ధర్మాంబుధి చెరువులో కట్టిందే. కంఠీరవ స్టేడియం సంపంగి చెరువులో లేచింది. కోరమంగల ఎస్‌టీ బెడ్ లేఅవుట్ కూడా చెరువు అడుగున వేసిందే. ఇలాంటి చోట్ల, రాజకాలువల (వాన నీళ్లు పోయే పెద్ద కాలువల) పక్కన, పైన ఎర్రమట్టి పోసి చదును చేసినా కింద నల్లటి బురదమట్టి ఉంటుంది. లేఅవుట్ పూర్వం ఏమిటో పక్కింటి పాత కాపురస్తులను అడగండి. వాళ్లకు తెలిసినంతగా సేల్ డీడ్ కూడా చెప్పదు.

చెరువు నేల కాకపోయినా ప్రతి ఇంట్లోనూ ఒక మెత్తటి చోటు ఉంటుంది. అది సరిగ్గా మనం ట్యాంకు పెట్టాలనుకునే చోటే. ట్యాంకు ఎక్కడ పెడతాం? గోడకూ కాంపౌండ్‌కూ మధ్య సెట్‌బ్యాక్‌లో, డాబా పైపు దిగే మూల. ఇల్లు కట్టేటప్పుడు పునాది కోసం ఆ గోడ పక్కన కందకం తవ్వారు, తర్వాత మిగిలిన మట్టీ ఇటుక ముక్కలూ సిమెంట్ సంచులూ దాంట్లోకే తోసి పూడ్చారు. దానికి దిమ్మిస కొట్టిన ఇల్లు నూటికి ఒకటి ఉంటే గొప్ప. కాబట్టి గోడ పక్క రెండు మూడు అడుగులు పూడ్చిన మట్టి, అవతల కాంపౌండ్ వైపు అసలు నేల. ట్యాంకు రెండింటి మీదా చెరి సగం కూర్చుంటుంది. పైన ఎంత మందం పలక పోసినా అది ఇంటి గోడ వైపు ఒరుగుతుంది. ట్యాంకు కూడా దాంతోపాటే.

ఇది తెలుసుకోవడానికి ఇంజనీర్ అక్కర్లేదు, గడ్డపార చాలు. ట్యాంకు వచ్చే చోట గోడ పక్కన ఒకటి, కాంపౌండ్ వైపు ఒకటి, మధ్యలో ఒకటి, అడుగున్నర లోతు గుంతలు తీయించండి. వాన పడిన మర్నాడు కాకుండా నేల ఆరాక తీయించండి. అసలు నేలలో గడ్డపార దిగదు, ఠంగుమని చేతికి ఎదురు తంతుంది. గుంత గోడ పైనుంచి కింది దాకా ఒకే రంగులో నున్నగా తెగుతుంది, గోరు పెట్టి గీకినా పొడి రాలదు. పూడ్చిన మట్టిలో అదే గడ్డపార మెత్తగా దిగిపోతుంది. గుంత గోడలో టైల్ ముక్క, పాలిథిన్ కవరు కొస, ఎండిన సిమెంట్ గడ్డ కనపడతాయి, గోడ నిలవకుండా విరిగి లోపలికి పడుతుంది. ఆ మూడు గుంతలూ ఒకేలా ఉంటే మీ పని సులువు. తేడాగా ఉంటే మెత్తటి వైపు మట్టిని గట్టి నేల తగిలేదాకా, లేదా కనీసం రెండడుగులు, తీసేయించాల్సిందే. ఆ గుంతను మొరంతో గానీ క్రషర్ డస్ట్ (రాతిపొడి), కంకర కలిపి గానీ 6 అంగుళాల పొర చొప్పున నింపాలి. ప్రతి పొరనూ తడిపి దిమ్మిస కొట్టాలి. తవ్వేటప్పుడు ఇంటి పునాది రాళ్ల మట్టం కంటే కిందికి పోవద్దు.

మేస్త్రులు ఈ పని దగ్గరే తొందరపడతారు. ఒకేసారి రెండడుగులు నింపి పైపైన నాలుగు దెబ్బలు వేస్తే పైన మూడు అంగుళాలే గట్టిపడుతుంది. పొరలు పడేటప్పుడు మీరు అక్కడే ఉండండి. కాంక్రీట్ పోసే రోజు లేకపోయినా పర్వాలేదు, ఈ రోజు మాత్రం ఉండాలి.

ఏది ఎవరికి

అన్నిటికంటే చవక కంకర పరుపు. పై మట్టి 6 అంగుళాలు తీసేసి, చుట్టూ ఒక వరస సాలిడ్ బ్లాకులు అంచుగా కట్టి, లోపల 20 మిల్లీమీటర్ల కంకర, క్రషర్ డస్ట్ కలిపి పొరలుగా దట్టించాలి. పైన అంగుళం మందాన సన్న డస్ట్ పరిచి రసమట్టంతో లెవెల్ చేస్తే చాలు. 1,000, 2,000 లీటర్ల ట్యాంకుకు, గుంతల్లో గట్టి ఎర్రమట్టి కనపడిన చోట, ఇది పూర్తిగా సరిపోతుంది. దీన్ని చిన్నచూపు చూడొద్దు. పూడ్చిన మట్టి మీద పోసిన ఆర్‌సీసీ కంటే అసలు నేల మీద దట్టించిన కంకర పరుపే నమ్మకమైనది. క్యూరింగ్ (రోజుల తరబడి తడుపుతూ ఉంచడం) అక్కర్లేదు, రేపు ట్యాంకు జరపాలన్నా పగలగొట్టాల్సింది ఏమీ ఉండదు. అద్దె ఇంట్లో ఉండి ఓనర్‌ను ఒప్పించి ట్యాంకు పెట్టుకునేవాళ్లకు నేను ఇదే చెబుతాను. దీని శత్రువు పారే నీళ్లు. ట్యాంకు నిండి పొర్లే నీళ్లు ఈ పరుపు మీద పడితే డస్ట్ కొట్టుకుపోయి అంచున బొరియ పడుతుంది. ఎలుకలు, పందికొక్కులు తిరిగే చోట కూడా ఇది వద్దు.

బెంగళూరులో ఎక్కువగా కనపడేది రాతి బండల అరుగు. సాలిడ్ బ్లాకులతో రెండడుగుల ఎత్తున మూడు నాలుగు పొట్టి గోడలు కట్టి, వాటి మీద గ్రానైట్ బండలు పరుస్తారు. ఈ ఊళ్లో బండలు సులువుగా దొరుకుతాయి, పని రెండు రోజుల్లో తెమిలిపోతుంది, ఎత్తు కూడా వస్తుంది. ఇక్కడ చూసుకోవాల్సింది గోడల కింద. బరువంతా ఆ సన్న గోడల మీదుగానే నేలకు దిగుతుంది కాబట్టి ఒత్తిడి పరుపు మీద కంటే మూడింతలు అవుతుంది. ప్రతి గోడ కింద అడుగున్నర వెడల్పు బెడ్ కాంక్రీట్ ఉండాలి, గోడల మధ్య ఎడం రెండడుగులు దాటకూడదు. బండల జాయింట్లు సరిగ్గా గోడ మీదే పడాలి, మధ్యలో పడితే బండ ఊగుతుంది. బండలన్నీ ఒకే మట్టంలో రావు కాబట్టి పైన అంగుళం మందం సిమెంట్ మాల్‌తో చదును చేయించాలి. జాయింట్ దగ్గర అంచు లేచి ఉంటే ప్లాస్టిక్ ట్యాంకు అడుగు సరిగ్గా ఆ గీత మీదే అలిసి చీలుతుంది. కొందరు బండల బదులు నాలుగు వైపులా గోడ కట్టి లోపల మట్టి నింపి పైన కాంక్రీట్ పోస్తారు. లోపలి మట్టి ఒక వానాకాలానికి కుంగుతుంది, కాంక్రీట్ కింద బోలు మిగులుతుంది, ఆ తర్వాత పగులు. అలా చేసేటట్టయితే లోపల మట్టి కాదు, కంకర, డస్ట్ పొరలుగా దట్టించాలి. గోడ కూడా 8 అంగుళాల బ్లాకుతో కట్టాలి.

సాదా కాంక్రీట్, అంటే ఇనుము లేని 4 అంగుళాల పీసీసీ, నా దృష్టిలో మధ్యలో చిక్కుకున్న ఎంపిక. గట్టి నేల మీద అయితే కంకర పరుపే సరిపోయేది. మెత్తటి నేల మీద అయితే ఇనుము లేక పగులుతుంది. ఎలుకల బెడద ఉండి, ట్యాంకు 2,000 లీటర్లకు మించకపోతే వేసుకోవచ్చు. కాంక్రీట్‌ను అడుగున్న మట్టి మీద నేరుగా పోసినా ఫర్వాలేదు గానీ, మట్టిని ముందు తడపాలి. లేకపోతే పొడి మట్టి కాంక్రీట్‌లోని నీళ్లను పీల్చేస్తుంది.

ఇనుప స్టాండ్ నేల మీద ట్యాంకుకు వద్దు. 5 టన్నులు నాలుగు కాళ్ల మీద పడితే, ఒక్కో కాలి కింద 6 అంగుళాల ప్లేటు ఉన్నా, అక్కడ నేలపై పడేది చదరపు మీటరుకు 50 టన్నులు దాటుతుంది. కాళ్ల కింద విడిగా పునాదులు పోయాలి, పైన పట్టీల మధ్య సందులు లేకుండా పలక వేయాలి, ఏటా రంగు వేయాలి. ఇంత చేశాక మిగిలేది ఏమీ ఉండదు. డాబా మీద పెడదామా అని కూడా అడుగుతారు. డాబా మీద పడే వాన డాబా మీది ట్యాంకులోకి ఎక్కదు కదా. పైగా మామూలు డాబాను చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువుకే లెక్కకడతారు.

ఆర్‌సీసీ పలక ఎప్పుడు

ట్యాంకు 3,000 లీటర్లు దాటినా, గుంతల్లో పూడ్చిన మట్టి కనపడినా, మీది చెరువు నేల అయినా ఆర్‌సీసీకే వెళ్లండి. సిమెంట్ రింగులతో గానీ ఫెర్రో సిమెంట్‌తో (సన్న ఇనుప జాలీకి సిమెంట్ పూసి) గానీ ట్యాంకు అక్కడికక్కడే కట్టించేవాళ్లకు వేరే దారి లేదు. పలకే వాళ్ల ట్యాంకుకు అడుగు. ఇనుము చేసే పని ఏమిటంటే, కింద ఒక చోట నేల కాస్త జారినా పలక విరగకుండా ఆ బరువును పక్క నేల మీదకు పంచుతుంది. అయితే ఇది చిన్న చిన్న లోపాలకే. రెండడుగుల పూడ్చిన మట్టిని 5 అంగుళాల పలక కాపాడలేదు, పైన చెప్పిన దిమ్మిస పని ఎలాగూ చేయాలి.

రేట్లు ఏరియాను బట్టి మారతాయి కాబట్టి సరుకు లెక్క చెబుతాను, మేస్త్రి కొటేషన్‌ను దీంతో సరిచూసుకోండి. 5,000 లీటర్ల ట్యాంకుకు 7×7 అడుగుల పలక కావాలి. ట్యాంకు అంచు దాటి చుట్టూ అరడుగు మిగలాలి, అంచు బయటికి అంగుళం కూడా వేలాడకూడదు. కింద 1:4:8 పాళ్లలో (సిమెంట్, ఇసుక, కంకర) 3 అంగుళాల పీసీసీ వేస్తే సుమారు 12 ఘనపుటడుగులు, బస్తా పైచిలుకు సిమెంట్. దాని మీద 1:1.5:3 పాళ్లలో 5 అంగుళాల ఆర్‌సీసీ, సుమారు 20 ఘనపుటడుగులు, 5 బస్తాలు. 8 మిల్లీమీటర్ల కడ్డీలు 6 అంగుళాల ఎడంతో రెండు వైపులా కడితే 25 కిలోల లోపు ఇనుము. ఎవరైనా 12 బస్తాలు, 60 కిలోలు అని రాసిస్తే ఎందుకో అడగండి.

ఇనుప జాలీ కింద దాన్ని ఎత్తి పట్టే 2 అంగుళాల కవర్ బ్లాకులు పెట్టాలి. జాలీని నేల మీద పరిచేసి, కాంక్రీట్ పోస్తూ కొక్కెంతో పైకి లాగుతామనే మాట ఒప్పుకోవద్దు. కాళ్ల కింద తొక్కుడుకు అది మళ్లీ అడుగుకే చేరుతుంది, తేమ తగిలి తుప్పు పడుతుంది. నీళ్ల విషయంలో గట్టిగా ఉండండి. ఈ పాళ్లకు బస్తాకు 30 లీటర్లే, అంటే 15 లీటర్ల బకెట్లు రెండు. ఎం శాండ్ (రాయి పొడి చేసి తీసిన ఇసుక) తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. జారుగా ఉంటే కూలీకి తోయడం తేలిక, అందుకే మూడో బకెట్ పడుతుంది, పలక బలం అక్కడే పోతుంది.

పలక పైభాగం పూర్తిగా మట్టంగా ఉండాలి. నీళ్లు నిలవకుండా వాలు పెడతామంటారు. ఆ వాలు ట్యాంకు అవతల మిగిలిన అరడుగు అంచుకే ఉండాలి, ట్యాంకు కింద కాదు. ఇక్కడ దొరికే సిమెంట్ ఎక్కువగా పీపీసీ (ఫ్లై యాష్ కలిపిన రకం), దానికి కనీసం 10 రోజులు క్యూరింగ్ కావాలి. ట్యాంకర్ నీళ్లతో పోస్తూ కూర్చోకుండా గోనె సంచులు కప్పి పొద్దున, సాయంత్రం తడిపితే తక్కువ నీళ్లతో అయిపోతుంది. వీలైతే జనవరి, ఫిబ్రవరిల్లో పోయించండి. మే నెల సాయంత్రాల గాలివానలకు ముందే ట్యాంకు ఎక్కి కూర్చుంటుంది, సెప్టెంబర్, అక్టోబర్ పెద్ద వానలకు నిశ్చింతగా ఉండొచ్చు.

చోటు, ఎత్తు

ఏ బేస్ ఎంచుకున్నా ట్యాంకును సంపు పైకప్పు మీద పెట్టొద్దు. చోటు కలిసొస్తుందని చాలామంది ఆ పని చేస్తారు. ఆ పలకను మనుషులు, మహా అయితే కారు తిరగడానికి పోసి ఉంటారు, అక్కడే రాత్రింబవళ్లు నిలిచే 5 టన్నుల కోసం కాదు. డ్రైనేజీ ఛాంబర్ మీద, సెప్టిక్ ట్యాంక్ మీద కూడా వద్దు. కాంపౌండ్ గోడకు ఆనించొద్దు, దాని పునాది లోతు తక్కువ. కొబ్బరి, మునగ చెట్ల మొదళ్లకు దూరంగా ఉండండి. పొర్లే నీటి పైపు బేస్ పక్కన వదలకుండా ఇంకుడు బావి దాకా తీసుకెళ్లాలి, ఆ బావి కూడా బేస్‌కు ఆనుకుని ఉండకూడదు. ఈ ఊళ్లో బావులు తవ్వేది తరతరాలుగా మణ్ణు వడ్డర్లే. వాళ్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగు యాసే. బావి కోసం వాళ్లను పిలిచినప్పుడు ట్యాంకు చోటు కూడా చూపించి మట్టి ఎలా ఉందో అడగండి. చేత్తో నేల తవ్వి బతికే మనిషి ఒక్క పార మట్టి తీసి చెప్పేది ఎవరూ చెప్పలేరు.

ఎత్తు సంగతి. కుళాయి కింద బకెట్ పట్టాలంటే అడుగున్నర ఎత్తు అరుగు కావాలి, కాబట్టి మొక్కలకు, కారు కడగడానికి, గిన్నెలకు చేత్తో పట్టుకునే ఇళ్లకు రాతి బండల అరుగు అనువు. మోటారుతో పైకి ఎక్కించేవాళ్లకు అరడుగు చాలు, వాళ్లు ఊరికే అరుగు కట్టించుకోవద్దు. ఒక్క అంతస్తు ఇల్లయితే ఇంకో లెక్క ఉంది. డాబా నేల నుంచి పదకొండున్నర అడుగుల ఎత్తున ఉందనుకుంటే, ఆరున్నర అడుగుల ట్యాంకు, అడుగున్నర అరుగు పోగా మిగిలేది మూడున్నర అడుగులు. ఆ లోపల ఫిల్టర్, మొదటి వాన మురికిని వదిలే పైపు, వంపులు అన్నీ ఇమడాలి. మూడడుగుల అరుగు కట్టిస్తే ఫిల్టర్‌కు చోటుండదు.

పలక పోసిన రెండు వారాలకు ట్యాంకు ఎక్కించండి. మొదటిసారి పూర్తిగా నింపకుండా సగం నింపి రెండు రోజులు వదిలేయండి. పలక నాలుగు మూలలూ రసమట్టంతో చూసి తేడా లేకపోతే మిగతాది నింపండి. ట్యాంకు నుంచి వచ్చే పైపును నేరుగా గోడలోకి బిగించకుండా మధ్యలో అడుగు పొడవు హోస్ పైపు పెట్టిస్తే, బేస్ పావు అంగుళం దిగినా జాయింట్ ఊడదు. రేపు రెండో ట్యాంకు పెట్టాలనిపిస్తే పాత పలకను పొడిగించవద్దు. కొత్త కాంక్రీట్, పాత కాంక్రీట్ వేరువేరుగా దిగుతాయి, ట్యాంకు ఆ అతుకు మీద పడుతుంది. రెండంగుళాల సందు వదిలి వేరే పలక పోయించి, రెండు ట్యాంకులనూ అదే హోస్ పైపుతో కలపండి.